మా ఇంటికి సరిపోయే ఓడ

నేను ఇంతవరకు ఓడ ఎక్కలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎక్కని ఓడ గురించి ఏం రాస్తవే అని నా రూమ్మేట్ నవ్వింది. కానీ ఏ ఓడ ఎక్కాలో తేల్చుకోవడానికే మా ఇంట్లో నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేను రెండు మిడ్ ఎగ్జామ్స్ రాశాను, ఒక ల్యాబ్ రికార్డు పోగొట్టుకున్నాను, 14 కాలమ్‌లు ఉన్న ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేశాను. ఆ షీట్ కథే ఇది. నా స్కూలంతా ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. వత్తులు అటూ ఇటూ అయితే బాధ్యత ఎడిటర్‌గారిదే.

మాది నిజామాబాద్. ఎటు పోయినా సముద్రం 400 కిలోమీటర్లకు తక్కువ లేదు. మాకు నీళ్ళంటే గోదావరి, మంజీర, నిజాంసాగర్, పోచంపాడు. గోదావరి తెలంగాణలోకి అడుగు పెట్టేదే మా బోధన్ పక్కన కందకుర్తిలో. ఇంత నీళ్ళున్నా మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. ఇలాంటి ఇంట్లో ఓడ మాట ఎట్లా వచ్చిందంటే, బాపు వల్ల.

బాపు 2005లో దుబాయ్ పోయాడు. నేను అప్పటికి పుట్టలేదు. ఏసీ మెకానిక్. 18 ఏళ్ళు అక్కడే చేసి 2023లో పూర్తిగా వచ్చేశాడు. మా గల్లీలో ఇది వార్త కూడా కాదు. ప్రతి రెండో ఇంట్లో దుబాయో, మస్కటో, సౌదీయో ఉంటుంది. వచ్చినవాళ్ళు ఒక ఇల్లు కడతారు, ఒక ఫంక్షన్ చేస్తారు, తర్వాత ఏం చేయాలో తెలియక కొన్నాళ్ళు బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతారు. బాపు కూడా అంతే. తనకంటూ ఏమీ అడగలేదు. పోయిన దసరాకు మాత్రం అన్నం తింటూ తింటూ అన్నాడు.

“ఒక్కసారి ఓడ ఎక్కాలె.”

అమ్మ చేతిలో గరిటె అట్లనే ఆగింది. “ఏం ఓడ?”

“పెద్ద ఓడ. మనుషులు తిరిగేది.”

ఆ రాత్రే నేను ల్యాప్‌టాప్ తెరిచాను. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు ఇదొక జబ్బు. ఇంట్లో ఎవరైనా ఏదైనా అడిగితే, ఎందుకు అడిగారని ఆలోచించకముందే టేబుల్ గీసేస్తాం. రేటు, రాత్రులు, ఓడ సైజు, గది రకం, తిండి, స్విమ్మింగ్ పూల్, రివ్యూ స్టార్లు... ఒక్కో కాలమ్‌కు ఒక వెయిటేజ్. అన్నీ కలిపి వందకు స్కోర్. ఎక్కువ వచ్చినదానికి ఆకుపచ్చ రంగు.

మొదటి తప్పు, దొరికిన ప్రతిదాన్నీ షీట్‌లో పడేయడం. ఐకాన్ ఆఫ్ ద సీస్ అని ఒకటుంది. 2024 జనవరిలో మొదలైంది, 20 అంతస్తులు, 365 మీటర్ల పొడవు, లోపల వాటర్ పార్కు. అది మయామీలో ఉంటుంది, మాకు వీసా కాదు కదా ఆ విమానం టికెట్టుకే డబ్బులు చాలవు, అయినా నా షీట్‌లో వారం రోజులు నంబర్ వన్ అదే. గంగా విలాస్ పెట్టాను. 2023 జనవరిలో వారణాసి నుంచి బయల్దేరి దిబ్రూగఢ్ దాకా 51 రోజులు, 3,200 కిలోమీటర్లు, 27 నదులు. మొత్తం ఎక్కేది 36 మందే. 51 రోజులు కాలేజీ ఎగ్గొడితే నన్ను డీటెయిన్ చేస్తారు. కొట్టేశాను. విశాఖ నుంచి, చెన్నై నుంచి అండమాన్ పోయే సర్కారు ఓడలు పెట్టాను. బంక్ బెడ్డు టికెట్టు నుంచి ఏసీ గది దాకా అన్ని తరగతులూ ఉంటాయి, దాదాపు రెండున్నర రోజులు పూర్తిగా నడి సముద్రమే. నిజంగా సముద్రం చూడాలనుకునేవాళ్ళకు, ఆటా పాటా అక్కర్లేనివాళ్ళకు ఇది మంచి దారి అని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ అది విహారం ఓడ కాదు, ఊరికి పోయే ఓడ. బాపు అడిగింది తిరిగేది.

ఇక మన దగ్గరి లాంచీలు. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా టూరిజం వాళ్ళ లాంచీ పోతుంది, డ్యాములో నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో మాత్రమే. నల్లమల కొండల మధ్య ఐదారు గంటలు. పాపికొండలు సరేసరి. ఈ రెండూ షీట్‌లో బాగానే నిలబడ్డాయి, రేటు కాలమ్‌లో వాటిని కొట్టేది లేదు. అమ్మకు చూపిస్తే పాపికొండలు అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

“కచ్చులూరు యాదికి లేదా నీకు?”

ఉంది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. దేవీపట్నం దగ్గర గోదావరి వరదలో బోటు మునిగింది. 50 మంది దాకా పోయారు. మన తెలంగాణ వాళ్ళు చాలామంది ఉన్నారు అందులో. బోటును బయటికి తీయడానికి నెల పైనే పట్టింది, అన్ని రోజులూ అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. అప్పుడు బాపు దుబాయ్‌లో ఉన్నాడు. నాకిప్పుడు అర్థమవుతుంది, ఆమె చూసింది బోటును మాత్రమే కాదు. దూరంగా ఉన్నవాళ్ళకు ఏమన్నా అయితే ఎట్ల తెలుస్తది అన్న భయాన్ని కూడా.

అందుకే సేఫ్టీ అని ఒక కాలమ్ చేర్చాను, చేర్చాక చదవడం మొదలుపెట్టాను. పెద్ద ఓడల సంగతి వేరుగా ఉంది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాయికి తగిలి ఒరిగిపోయింది, 32 మంది చనిపోయారు. అందులో అప్పుడే ఎక్కినవాళ్ళకు ఇంకా డ్రిల్ కూడా జరగలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ రూల్ మార్చారు. 2015 నుంచి ప్రయాణికులందరికీ ఓడ బయల్దేరే ముందే, లేదా బయల్దేరిన వెంటనే, లైఫ్ జాకెట్ ఎట్లా వేసుకోవాలి, ఎక్కడ గుమిగూడాలి అన్నది చూపించి తీరాలి. దాన్ని మస్టర్ డ్రిల్ అంటారు. ఈ సంగతి చెప్పాక అమ్మ మొహంలో కొంచెం మెత్తదనం వచ్చింది. “అందరికీ చెప్తరా? ఇంగ్లీష్‌లనా?” అని అడిగింది. ఆ ప్రశ్న నా 14 కాలమ్‌లలో లేదు. భాష అని పదిహేనోది వేశాను.

అమ్మకు బస్సే పడదు. బోధన్ పోయే ఆర్టీసీ బస్సులో నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చుంటుంది. ఓడలో ఎట్లా అని, ఒక ఆదివారం తాత దగ్గరికి పోతూ అలీసాగర్‌లో దిగి బోటు ఎక్కించాను. టెస్టింగ్ అన్నమాట. చెరువులో అల ఎక్కడిది, బోటు అద్దంలాంటి నీళ్ళ మీద ఒక రౌండ్ కొట్టి వచ్చింది. అమ్మ బాగుంది అంది. నేను షీట్‌లో పాస్ అని రాశాను. ఇంతకంటే చెత్త టెస్ట్ కేస్ నా జీవితంలో రాయలేదు.

తర్వాత చదివితే తెలిసింది. ఓడ ఊయలలాంటిది. ముందు వెనక కొనలు ఎక్కువ లేస్తాయి, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. కడుపులో తిప్పేవాళ్ళు కింది అంతస్తుల్లో, పొడవుకు సరిగ్గా నడుమ ఉన్న గది తీసుకోవాలి. పెద్ద ఓడలకు నీళ్ళలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, ఒరగడాన్ని తగ్గిస్తాయి, పూర్తిగా ఆపవు. వీటన్నిటికంటే ముఖ్యం నెల. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రం ఉడుకుతున్న ఎసరులా ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. అమ్మలాంటి మనిషిని మొదటిసారి తీసుకుపోవాలంటే పడమటి వైపు, చలికాలం. ఒక్క ఈ లెక్కతోనే సగం లిస్టు పోయింది. బోటులో ఎక్కించిన డబ్బులు దండగ.

ఆ రోజే తాత దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. అమ్మ వాళ్ళ నాన్న బోధన్ శక్కర్‌నగర్‌లో ఉంటాడు. నిజాం షుగర్ ఫ్యాక్టరీలో బాయిలర్ మీద చేసి, ఫ్యాక్టరీ మూతపడకముందే రిటైర్ అయ్యాడు. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా వైపు పిల్లలకు అ ఆ ల కంటే ముందు నేర్పిస్తారు. 2015 డిసెంబర్ నుంచి గేటుకు తాళమే. ఎండాకాలం వస్తే ఆ రోడ్డు మీద ఇప్పటికీ చెరుకు వాసన వస్తుందని తాత అంటాడు. నాకెప్పుడూ రాలేదు.

తాతకు షీట్ చూపించాను. మన దేశంలో మన బడ్జెట్‌కు అందేది ముఖ్యంగా కార్డీలియా కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ అన్న ఓడ. 2021 నుంచి మన తీరంలో తిరుగుతోంది, 2022 జూన్‌లో విశాఖకూ వచ్చింది. దాని గురించి నా షీట్‌లో ఒక ఎర్ర గడి ఉంది: కట్టింది 1990లో. ఫ్రాన్స్‌లో కట్టారు, అప్పుడు పేరు నార్డిక్ ఎంప్రెస్. నాకంటే పదహారేళ్ళు పెద్దది. పాతది కాబట్టి వందలో పదిహేను మార్కులు కోసేశాను.

తాత అద్దాలు పెట్టుకుని చూశాడు. “పాతదైతే ఏమాయె? ఆఖరిసారి ఎప్పుడు ఇప్పిన్రు?”

“అంటే?”

“ఓవరాయిలింగ్. మా ఫ్యాక్టరీల సీజన్ అయిపోతే మిషనంత ఇప్పి, సాఫ్ చేసి, మళ్ళ బిగిస్తుంటిమి. నేను పుట్టకముందు తెచ్చిన మిల్లులు నా రిటైర్‌మెంట్ దాక తిరిగినయ్. మిషిన్ వయసు కాదు బిడ్డా, చూసుకునేటోడున్నడా లేడా, గది చూడు.”

వెతికితే తాత మాటే నిజం. ఓడ పుట్టిన ఏడాది కంటే అది ఆఖరిసారి డ్రై డాక్‌లోకి పోయిన ఏడాది చూడమని అనుభవం ఉన్నవాళ్ళు రాస్తారు. నీళ్ళన్నీ తీసేసిన తొట్టిలో ఓడను నిలబెట్టి అడుగు దాకా చూస్తారు. ప్రయాణికుల ఓడలకు ఏటా సర్వే చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే బయల్దేరడానికి లేదు. తాతకు ఇది చెప్తే, చెప్పకపోయినా నాకు తెలుసన్నట్టు తలూపాడు. ఆ తర్వాత అరగంట సేపు ఓడలో బాయిలర్ ఎక్కడుంటది, దేంతోటి మండుతది అని అడిగాడు. ఫ్యాక్టరీలో చెరుకు పిప్పినే బాయిలర్‌లో వేసి ఆవిరి పుట్టించేవాళ్ళు. ఇప్పటి ఓడల్లో ఎక్కువ డీజిల్ ఇంజిన్లు తాతా అంటే కొంచెం డీలా పడ్డాడు. ఇంజిన్ రూమ్‌లోకి ప్రయాణికులను రానియ్యరు అంటే ఇంకా. “మరెందుకు ఎక్కుడు?” అన్నాడు. మోకాళ్ళ నొప్పులని తను రానని అప్పుడే చెప్పేశాడు కానీ, నాకు అసలు కారణం ఇంజిన్ రూమే అనిపిస్తుంది.

సైజు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేనూ మోసపోయాను. పెద్ద ఓడ అంటే తిరునాళ్ళ రద్దీ, చిన్న ఓడ అంటే ప్రశాంతం అనుకున్నా. ఓడలకు గ్రాస్ టన్నేజ్ అని రాస్తారు. టన్ను అని ఉంది కదా బరువనుకుంటాం, అది లోపలి ఖాళీ జాగాకు కొలత. దాన్ని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో మనిషికి ఎంత జాగా వస్తుందో తెలుస్తుంది. ఎంప్రెస్‌లో దాదాపు 800 గదులు, గదికి ఇద్దరు చొప్పున 1,600 మంది, టన్నేజ్ 48,500. అంటే మనిషికి 30. ఐకాన్‌లో గదికి ఇద్దరు చొప్పున 5,600 మంది, టన్నేజ్ 2,48,000 పైన. మనిషికి 44. అంత పెద్దదాంట్లోనే మనిషికి ఎక్కువ జాగా! కానీ మన వాళ్ళు గదికి ఇద్దరే ఎక్కడ ఉంటారు? పిల్లల్ని, అత్తను, బావమరిదిని కలిపి నలుగురు దిగుతారు. కాబట్టి ఈ 30 సెలవుల్లో ఎంతకు పడిపోతుందో మీరే వేసుకోండి. ప్రశాంతం కావాలంటే ఓడ మార్చే బదులు తేదీ మార్చాలి. శని ఆదివారాలు వద్దు, స్కూలు సెలవులు వద్దు.

ఈ లెక్కలన్నీ అయ్యాక చెన్నై నుంచి శ్రీలంక పోయే ట్రిప్పు 81 మార్కులతో ఫస్ట్ వచ్చింది. విదేశం! నేను ఇంకో దేశం గడ్డ మీద కాలు పెట్టొచ్చు. నిజం చెప్పాలంటే ఆ ట్రిప్పు గెలవడానికి చూడాల్సిన చోట్లు అనే కాలమ్ వెయిటేజ్ నేనే కొంచెం పెంచాను. రిజల్టు చూపించి గర్వంగా డాక్యుమెంట్లు అడిగాను. బాపు బీరువాలోంచి కవరు తీశాడు. అందులో మూడు పాస్‌పోర్టులు, రెండు మూల కత్తిరించినవి, ఒకటి నడుస్తున్నది. ప్రతి పేజీలో స్టాంపులే.

“అమ్మా, నీది?”

అమ్మ నా వైపు చూసింది. నేను ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగానో నాకు ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. ఆమెకు పాస్‌పోర్టు లేదు. ఎప్పుడూ అవసరం రాలేదు. 18 ఏళ్ళు బాపు స్టాంపులు వేయించుకుంటుంటే ఆమె చాట ముందర పెట్టుకుని తునికాకు కత్తిరించింది. రోజుకు వెయ్యి బీడీలు. ఇప్పుడు మోకాలు, నడుము రెండూ పోవడానికి అదే కారణం. అప్లై చేద్దాం, నెలలో వస్తుంది అన్నాను. “ఇప్పుడెందుకు తియ్” అంది. మామూలుగానే అంది. శ్రీలంకను ఆ రాత్రే తీసేశాను, అమ్మ పాస్‌పోర్టుకు మాత్రం చెప్పకుండా అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మన దేశంలోనే తిరిగే ట్రిప్పులకు ఆధార్ లాంటి ఐడీ కార్డు చాలు.

అప్పుడు అనిపించింది, ఇంత షీట్ చేశాను కానీ అసలు బాపుకు ఓడ ఎందుకో అడగలేదని. అడిగాను. ఆయన మాటలు తక్కువ మనిషి. ఫోన్‌లో పెరిగిన బంధం మాది, ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ ఇప్పటికీ కొంచెం మొహమాటం. వాటర్ ట్యాంకు కింద నిలబడి మెల్లగా చెప్పాడు.

దుబాయ్‌లో పోర్ట్ రషీద్ అని ఉంది. 2008 నవంబర్‌లో అక్కడికి క్వీన్ ఎలిజబెత్ 2 అన్న పెద్ద బ్రిటిష్ ఓడ వచ్చింది. నలభై ఏళ్ళు సముద్రాలన్నీ తిరిగి, ఆఖరికి దుబాయ్ వాళ్ళు కొనుక్కుంటే వచ్చి ఆగింది. హోటల్ చేస్తామన్నారు, చేయలేదు. ఏళ్ళకేళ్ళు అట్లనే ఉంది. బాపు వాళ్ళ కంపెనీ బస్సు సైట్‌కు పోయే దారిలో దాని ఎర్ర పొగగొట్టం కనబడేదట.

“రోజు చూస్తుంటి. అది కదలకపాయె. నేను కదలకపోతి.”

2018 ఏప్రిల్‌లో దాన్ని హోటల్‌గా తెరిచారు. లోపలికి పోయి చాయ్ తాగి రావచ్చు అని రూములో వాళ్ళు పిలిచారట. బాపు పోలేదు.

“ఎందుకు పోలే?”

“ఆగిన ఓడ ఎక్కి ఏం జేస్త? కదిలేది ఎక్కాలె. ఒడ్డు ఎనకకు పోవుడు సూడాలె.”

నా షీట్‌లో పూల్ ఉంది, క్యాసినో ఉంది, బఫేలో ఎన్ని రకాలో ఉంది. ఒడ్డు వెనక్కి పోవడం ఏ కాలమ్‌లో వేయాలి? చివరికి అది గది సంగతిగా మారింది. ఓడలో అన్నిటికంటే చవక లోపలి గది, కిటికీ ఉండదు. దాని తర్వాత తెరుచుకోని కిటికీ ఉన్నది. ఆపైన బాల్కనీ. డబ్బులు మిగులుతాయని నేను లోపలి గదికే పెద్ద మార్కులు వేశాను, నిద్రపోవడానికే కదా అని. బాపు క్యాంపులో ఎనిమిది మంది ఒక్క రూములో, రెండంతస్తుల మంచాల మీద పడుకునేవాళ్ళు. ఊరందరి ఏసీలు బాగుచేసి వచ్చి, తమ రూములో ఏసీ ఆగిపోతే రేపు చూద్దాం అనుకుని పడుకునేవాళ్ళు. ఆయన్ని మళ్ళీ కిటికీ లేని గదిలో పెట్టడానికి నేను డబ్బులు కట్టబోయాను. కిటికీ గది తీసుకున్నాం. అందులోనూ చూసుకోవాల్సింది ఒకటుంది. కొన్ని కిటికీల ముందు లైఫ్ బోటు వేలాడుతుంటుంది, సముద్రం బదులు నారింజ రంగు గోడ కనబడుతుంది. డెక్ ప్లాన్‌లో గది నంబరు వెతికి, ఎదురుగా ఏముందో, పైన డాన్స్ హాలు ఉందేమో, పక్కన లిఫ్ట్ ఎంత దూరమో చూడాలి. అమ్మ మోకాళ్ళకు లిఫ్ట్ దగ్గర, కడుపుకు ఓడ నడుమ, బాపు కళ్ళకు కిటికీ. ఈ మూడూ కలిసే గదులు కొన్నే ఉన్నాయి.

అదే రోజు బాపు ఇంకొకటి అడిగాడు. “పనోళ్ళు యాడ పండుకుంటరు?”

నేను చూసిన వందల రివ్యూల్లో ఒక్కదాంట్లో కూడా ఈ ప్రశ్న లేదు. వెతికాను. చాలా ఓడల్లో సిబ్బంది గదులు అన్నిటికంటే కింద ఉంటాయి, నీటి మట్టం కింద కూడా. ఎక్కువ వాటికి కిటికీలు లేవు, ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. కాంట్రాక్టు ఆరు నుంచి తొమ్మిది నెలలు, వారం సెలవంటూ ఉండదు. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అని 2006లో ఒక ఒప్పందం వచ్చింది, విశ్రాంతి గంటలు, జీతం, ఇంటికి పంపే ఖర్చు ఎవరిదన్నది అందులో రాశారు. మన దేశం 2015లో ఒప్పుకుంది. బాపు అంతా విని, “ఇంటికి పంపే ఖర్సు రాసిన్రా? మంచిగ చేసిన్రు” అన్నాడు. మొదట చూపించే రేటు మీద పోర్టు చార్జీలు, జీఎస్టీ, సర్వీసు టిప్పు కలుస్తాయి, బుకింగ్ చేసేవాళ్ళు అన్నీ కూడుకోండి. నేను ఆ టిప్పుకు షీట్‌లో మైనస్ మార్కులు వేశాను. బాపు ఆ గడి మీద వేలు పెట్టి, తీసెయ్ అన్నాడు. మార్కులు తీసేశాను. టిప్పు ఉంచాను.

ఇక ఎక్కడ ఎక్కాలి అన్నది మిగిలింది. ఎక్కే ఊరు అన్న కాలమ్‌కు నేనిచ్చిన వెయిటేజ్ 1. అన్నిటికంటే తక్కువ. ఎక్కడ ఎక్కితే ఏముంది, సముద్రం ఒకటే కదా. విశాఖ అయితే భాష మనదే, 2023లో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు, కానీ మాకు కుదిరే తేదీల్లో అక్కడి నుంచి ఓడ దొరకలేదు. మిగిలింది చెన్నై, ముంబై. పడమటి సముద్రం చలికాలంలో నెమ్మది అన్న లెక్క ముంబై వైపుంది. కానీ ముంబైకి విమానంలో పోదామా, రైలులోనా? హైదరాబాద్ నుంచి విమానం అయితే గంటన్నర. అమ్మను రైలులో రాత్రంతా ఎందుకు ఇబ్బంది పెట్టాలని నేను విమానం అన్నాను.

నాలుగు నెలల్లో అమ్మ తనంతట తాను చెప్పిన మొదటి కోరిక అప్పుడు వచ్చింది.

“దేవగిరికి పోదాం.”

దేవగిరి ఎక్స్‌ప్రెస్. మన సికింద్రాబాద్, నిజామాబాద్, నాందేడ్ మీదుగా ముంబై పోతుంది. సాయంత్రం మా ఊళ్ళో ఎక్కితే తెల్లారి ముంబైలో దిగొచ్చు. ఓడలు ఆగే బల్లార్డ్ పియర్ ఆ స్టేషన్‌కు దగ్గరే. సౌకర్యంగానే ఉంది, కానీ అమ్మ చెప్పిన కారణం వేరు.

“నేను గా బండిని రెండుసార్లు సాగనంపిన. 2005ల ఒకసారి. మళ్ళ రెండేండ్లకు ఒకసారి, అప్పుడు నువ్వు సంకల ఉంటివి. దాని తర్వాత శంషాబాద్ అయ్యె. గాడ అద్దం అవుతల్నే పోతడు, కనబడడు. గీ బండి అయితే ఆఖరి డబ్బా దాక కనబడ్తది.” కొంచెం ఆగి, “లోపట ఎట్లుంటదో ఒక్కసారి ఎక్కి చూస్త” అంది.

బాపు ఏమీ అనలేదు. లేచి పోయి మోటారు ఆన్ చేసి వచ్చాడు, ట్యాంకు అప్పటికే నిండి ఉంది.

ఎక్కే ఊరు కాలమ్‌కు వెయిటేజ్ ఎంత ఇవ్వాలో తెలియక నేను ఆ షీట్‌ను మూసేశాను. ముంబై నుంచి గోవా పోయి మళ్ళీ ముంబై వచ్చేది బుక్ చేశాం. చలికాలం, వారం మధ్యలో, కింది డెక్కులో నడుమ కిటికీ గది, లిఫ్ట్‌కు నాలుగు గదుల దూరం. మా సెమిస్టర్ సెలవులకు సరిపోయింది. అమ్మకు అవోమిన్ వేసుకోవచ్చా లేదా అని డాక్టర్‌ను అడిగాను. తాతకు ఇంజిన్ రూమ్ ఫోటో తెస్తానని ఒప్పుకున్నాను, ఎట్లా తెస్తానో తెలియదు. అమ్మ మూడు పూటలా వండాల్సిన పని లేదని నిజంగా నమ్మడానికి ఇంకా టైం పట్టేలా ఉంది. సకినాలు చేసి డబ్బాలో పెట్టింది.

ఓడ టికెట్టు కన్ఫర్మ్. మూడు పేర్లూ ఒకే గదిలో. దేవగిరి మాత్రం వెయిటింగ్ లిస్ట్ 11, 12, 13. అమ్మ రోజూ పొద్దున హాస్టల్‌కు ఫోన్ చేసి, తిన్నవా అని అడగకముందే, ఎంతకొచ్చింది అని అడుగుతోంది. ఇవాళ 7, 8, 9.